అంచు మీద పేరు సరే, అతనికి జీతం ఎవరిచ్చారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జుమ్మెరాత్ బజార్‌లో ఒక వెండి పతకం కొన్నారు. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కిన మనిషి, 1914, 1918 అంకెలు. అంచు మీద నంబరు, సోవార్ అనే హోదా, షేక్‌తో మొదలయ్యే పేరు, చివర 20 డెక్కన్ హార్స్. ఇతను నిజాం సైనికుడేనా? ఇతని కుటుంబాన్ని పట్టుకోవచ్చా? ఇలాంటివి ఇంకా కొనాలంటే ఏం చూసుకోవాలి?

మొదటి ప్రశ్నకు సూటిగా చెప్తాను: నిజాం సైనికుడు కాదు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ఇరవై ఆరేళ్లుగా ఈ పిచ్చిలో ఉన్న నేను, మొదటి నాలుగేళ్లు హైదరాబాద్ అనో దక్కన్ అనో కనిపించిన ప్రతి బ్యాడ్జీనీ నిజాం సర్కారు ఖాతాలో రాసేశాను. అంచు మీద పేరు కనబడగానే అందరం ఆ పేరు వెంట పరిగెడతాం. ముందు తేల్చుకోవాల్సింది ఆ మనిషికి జీతం ఎవరిచ్చారనేది. జీతం ఇచ్చినవాడి దగ్గరే కాగితం ఉంటుంది.

మన ఊళ్లో ఒకే కాలంలో మూడు సైన్యాలు ఉండేవి. ఒకటి నిజాం సొంత సైన్యం. రెండోది హైదరాబాద్ కంటింజెంట్: ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. ఆ ఖర్చు బాకీ కిందే 1853లో ఇప్పటి మహారాష్ట్రలోని బేరార్‌ను ఇంగ్లీషువాళ్ల చేతిలో పెట్టాల్సి వచ్చింది. మూడోది సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్న కంపెనీ సైన్యం, తర్వాత బ్రిటిష్ సైన్యం. తిరుమలగిరి, బొల్లారం వైపు ఇప్పటికీ కనిపించే పాత బ్యారక్‌లు ఆ కాలం గుర్తులే. ఈ మూడింటి మనుషులూ ఒకే బజారులో బియ్యం కొనుక్కుని ఉంటారు. వాళ్ల కాగితాలు మాత్రం మూడు వేరు వేరు చోట్లకు పోయాయి.

మీ డెక్కన్ హార్స్ రెండో రకం నుంచి వచ్చింది. 1903లో కంటింజెంట్‌ను విడిగా ఉంచకుండా బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. అందులోని గుర్రపు దళాలు 20 డెక్కన్ హార్స్, 29 లాన్సర్స్, 30 లాన్సర్స్ అయ్యాయి. కాలి బలగం 94 నుంచి 99 వరకు నంబర్లు తెచ్చుకుంది. 1922లో ఆ కాలి బలగం చాలావరకు 19 హైదరాబాద్ రెజిమెంటు కింద చేరింది, 1945లో దాని పేరే కుమావూ రెజిమెంటుగా మారింది. ఇక్కడ బోల్తా పడేవాళ్లు చాలామంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పతకం మీద 19 హైదరాబాద్ అని ఉంటే మనవాడే అనుకుని కొంటారు. తీరా చూస్తే అతనిది ఉత్తరాఖండ్‌లో అల్మోరా దగ్గర కొండమీది పల్లె.

నిజాం సొంత మనుషుల్లో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లు హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్. మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వీళ్లదే. మీ పతకం అంచు మీద ఇంపీరియల్ సర్వీస్ అనో, పొట్టిగా ఐ.ఎస్. అనో ఉండి ఉంటే మీ అనుమానం నిజమయ్యేది, అప్పుడు నేను మిమ్మల్ని నేరుగా తార్నాకకు పంపేవాణ్ణి. తార్నాక సంగతి కిందకు వస్తాను.

ఇప్పుడు మీ సోవార్ సంగతి. సోవార్ అంటే గుర్రపు దళంలో మామూలు సిపాయి. దానిపైన దఫేదార్, జమాదార్, రిసాల్దార్. ఈ మాటలు వినగానే మనకు కలెక్టరాఫీసు దఫేదారు, మునిసిపాలిటీ జమేదారు గుర్తొస్తారు కానీ, అప్పటి జమాదార్ చిన్నవాడేం కాదు, ఇప్పటి నాయబ్ సుబేదార్‌తో సమానం. డెక్కన్ హార్స్‌లో సిక్కులు, జాట్లు, దక్కనీ ముసల్మాన్లు ఉండేవాళ్లు. పేరు షేక్‌తో మొదలైంది కాబట్టి మీవాడు మూడో కోవలోవాడు. అంటే కుటుంబం నిజాం రాజ్యంలోనో, ఔరంగాబాద్, బేరార్ వైపో ఉండే అవకాశమే ఎక్కువ. నిజాం సైనికుడు కాకపోయినా మన దక్కన్ మనిషే కావచ్చు.

ఈ దళం సికింద్రాబాద్ క్యావల్రీ బ్రిగేడ్‌లో భాగం. అవును, యుద్ధానికి వెళ్లిన బ్రిగేడ్ పేరే అది. 1914లో ఫ్రాన్స్‌లో దిగి, 1918 దాకా అక్కడి బురదలో ఉంది. 1916 జూలై 14న సొమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర, మెషిన్ గన్నుల కాలంలో, ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దాడి చేసింది వీళ్లూ, 7 డ్రాగూన్ గార్డ్స్ అనే ఇంగ్లీషు దళమూ. మీ సోవార్ ఆ రోజు అక్కడ ఉన్నాడని నేను అనడం లేదు. వెనక లైన్‌లో గుర్రాలకు దాణా వేస్తూ ఉండి ఉండవచ్చు, 1917లో కొత్తగా వెళ్లినవాడూ కావచ్చు. దళం కథను మనిషికి అంటగట్టడం ఈ వ్యాపారంలో రోజూ జరిగే మోసం. దాంతో ధర మూడింతలవుతుంది.

అతను ఎప్పుడు వెళ్లాడో తేల్చే ఒక ఆధారం మాత్రం ఉంది. మీ చేతిలో ఉన్నది బ్రిటిష్ వార్ మెడల్. దానికి జతగా విక్టరీ మెడల్ అనే కంచు పతకం ఉండాలి. 1914 నవంబర్ 22 లోపే ఫ్రాన్స్ చేరినవాడైతే 1914 స్టార్ కూడా ఉంటుంది, దాని పేరు వెనకవైపు చదునుగా ఉన్నచోట కొట్టి ఉంటుంది. కాబట్టి వచ్చే గురువారం పొద్దున్నే అదే బండి దగ్గరకు వెళ్లి, "దీంతోపాటు వచ్చిన సామాను ఇంకేమైనా ఉందా భాయ్" అని అడగండి. నక్షత్రం ఆకారంలో నల్లబడ్డ కంచు ముక్క కనిపిస్తే అంచులూ వెనకా తిప్పి చూడండి. అదే నంబరు దొరికితే మీ పరిశోధనలో సగం పని అయిపోయినట్టే.

జత విడిపోవడానికి కారణం వెండి. బ్రిటిష్ వార్ మెడల్‌లో దాదాపు 30 గ్రాముల వెండి ఉంటుంది. వెండి రేటు పెరిగినప్పుడల్లా ఇవి కరిగిపోతాయి. కంచువి ఎవరికీ అక్కర్లేక మిగిలిపోతాయి. అందుకే ఒంటరి విక్టరీ మెడల్ ఎక్కడైనా దొరుకుతుంది. ఒకవేళ వార్ మెడలే కంచుతో చేసినది కనిపిస్తే నకిలీ అని పారేయకండి. కూలీలకు, భిస్తీలకు (నీళ్లు మోసేవాళ్లు), సాయీసులకు (గుర్రాలు చూసేవాళ్లు), వంటవాళ్లకు అదే పతకం కంచుతో ఇచ్చారు. నా దగ్గర ఉన్నవాటిలో నాకు ఇష్టమైనది అలాంటిదే ఒకటి.

అంచు చదవడం గురించి కొంచెం చెప్తాను. పగటి వెలుగులో నేరుగా చూడకండి. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడతో లేస్తాయి. అప్పటికీ తేలకపోతే పల్చటి బటర్ పేపర్ చుట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి. మొదటి యుద్ధం పతకాల మీద అక్షరాలు అచ్చుతో కొట్టినవి, అన్నీ ఒకే లోతు, ఒకే ఎత్తు. ఒక చోట అక్షరాలు లోతుగా, ఇంకోచోట పైపైన ఉన్నాయంటే, లేదా అంచులో ఒక వైపు పల్చబడిందంటే, పాత పేరు ఆకురాయితో అరగదీసి కొత్త పేరు కొట్టారన్నమాట. పతకం వ్యాసం 36 మిల్లీమీటర్లు ఉండాలి. కంసాలి దగ్గరుండే కాలిపర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే అరగదీసిన చోటు బయటపడుతుంది.

నంబరు గురించి ఒక హెచ్చరిక. ఆ రోజుల్లో నంబర్లు రెజిమెంటు రెజిమెంటుకూ వేరు. 2417 అనే నంబరు వంద దళాల్లో వందమందికి ఉండవచ్చు. నంబరు, పేరు, దళం మూడూ కలిస్తేనే ఒక మనిషి.

ఇక వెతకడం. ముందు అతను యుద్ధంలో చనిపోయాడా అన్నది చూడండి, ఎందుకంటే చనిపోయినవాళ్లే తేలిగ్గా దొరుకుతారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, దళం వేసి వెతకొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో పోయి సమాధి తెలియని మనవాళ్ల పేర్లు న్యూవ్ షాపెల్ స్మారకం మీద ఉన్నాయి, 4,700 పైచిలుకు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. షేక్ అనే మాటను ఇంగ్లీషు గుమాస్తాలు నాలుగైదు రకాలుగా రాశారు, అన్ని రకాలుగానూ వెతకండి. అసలు పేరు కూడా అంతే.

అక్కడ లేడంటే బహుశా బతికి ఇంటికి వచ్చాడు. మంచిదే, కాకపోతే మనకు పని పెరుగుతుంది. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని మెడల్ కార్డుల్లో ఇంగ్లీషు సైనికులు దొరికినట్టు మన సిపాయిలు దొరకరు. అక్కడ మీకు పనికొచ్చేది దళం వార్ డైరీ. ఏ రోజు ఎక్కడ ఉన్నారో, ఎన్ని గుర్రాలు పోయాయో రాసి ఉంటుంది. అధికారులకు పేర్లుంటాయి, సోవార్లకు అంకెలే ఉంటాయి. "ముగ్గురు సోవార్లు గాయపడ్డారు" అన్న వాక్యం దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. శౌర్య పతకం వచ్చినవాడైతే బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌లో పేరుంటుంది, అది కూడా ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. ఇంకో చోటు బ్రిటిష్ లైబ్రరీ. ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సార్ ఆఫీసు చదివి, కొన్నింటిని ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకుంది, అవి అక్కడ ఉన్నాయి. మీవాడి ఉత్తరం దొరుకుతుందని కాదు, అతని పక్క గుడారంలోవాడు చలి గురించి ఏమనుకున్నాడో తెలుస్తుంది.

నిజాం మనుషుల కోసమైతే తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడి కాగితాలు ఫారసీలో, ఉర్దూలో ఉంటాయి. చేతిరాత షికస్తా (గబగబా కలిపి రాసే గొలుసుకట్టు) అయితే ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా తల పట్టుకుంటారు. నేను పాతబస్తీలో ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారిని బతిమాలి తీసుకెళ్లేవాణ్ణి. పొద్దున ఇరానీ చాయ్, మధ్యాహ్నం భోజనం నా ఖర్చు, చదవడం ఆయన వంతు. అక్కడ కాలు జారే చోటు తేదీలు. నిజాం సర్కారు ఫసలీ, అంటే పంటల శిస్తు లెక్కల సంవత్సరం వాడేది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1326 అని ఉంటే ఫసలీ ప్రకారం 1916 అక్టోబర్‌తో మొదలైన ఏడాది. అదే అంకెను హిజ్రీ అనుకుంటే 1908 అవుతుంది. ఒక లాన్సర్ యుద్ధం మొదలవకముందే యుద్ధానికి వెళ్లాడని నేను రెండు నెలలు నమ్మింది ఈ లెక్క తప్పడం వల్లే.

తెలుగు సిపాయిల పతకాలు దొరికితే ఇంకో కిటుకు ఉంది. వీళ్లు ఎక్కువగా మద్రాసు సాపర్లు (సైన్యంలో ఇంజినీరు పనులు చేసేవాళ్లు), పయనీర్లు (దారులు వేసేవాళ్లు), కర్ణాటిక్ కాలి దళాలు, రెండో యుద్ధంలోనైతే ఇంజినీర్లు, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి విభాగం), సర్వీస్ కోర్ (సరఫరా విభాగం). అంచు మీద ఇంటిపేరు ఉండదు, ఉత్త పేరే. అయితే మన పేర్లలో ఊరి దేవుడుంటాడు. అప్పలస్వామి అంటే సింహాచలం చుట్టుపక్కల, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం. యాదగిరి అంటే నల్లగొండ, భువనగిరి వైపు. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న నీడ. రాజన్న అంటే వేములవాడ. ఇది సాక్ష్యం కాదు, ఎటు వెతకాలో చెప్పే వేలు మాత్రమే. ఇంగ్లండ్‌లో కూర్చుని లక్షలు పోసి కొనే కలెక్టర్‌కు ఈ వేలు కనబడదు. ఇంకో మాట, పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊరి పేరు ఏ కాగితంలో కనబడినా వెంటనే బస్సెక్కండి. రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన ఆర్కైవ్స్ కంటే ఎక్కువ చెప్తాడు.

రెండో యుద్ధం పతకాల గురించి ఒక ముక్క. ఇంగ్లీషు సైనికులకు ఇచ్చిన నక్షత్రాలు, పతకాల మీద పేర్లు కొట్టలేదు. మనవాళ్లకిచ్చిన వాటి మీద కొట్టారు. కాబట్టి బర్మా స్టార్ వెనక పేరుంటే కంగారుపడకండి, అది మనవైపు మనిషిది కావచ్చని సంతోషించండి.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెప్తాను. రాణిగంజ్‌లో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టు. ఒక సాయంత్రం అక్కడ గుడ్డముక్కలో చుట్టిన ఐదు పతకాలు కనిపించాయి, అన్నింటి మీదా ఒకే నాయక్ (అది సైన్యంలో హోదా) పేరు, తెలుగు పేరు. అవి వచ్చిన రేకు ట్రంకు పెట్టె పక్కనే ఉంది. అందులో తాడుతో కట్టిన కాగితాల కట్ట, ఒక ఫొటో అట్ట వెనకభాగం కనిపించాయి. పెట్టెకు వేరే డబ్బు అడిగాడు. నెలాఖరు, జేబులో ఉన్నది పతకాలకే సరిపోయింది. రేపొచ్చి తీసుకుంటాలే అనుకున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, పొద్దున తొమ్మిదింటికే వెళ్లాను. పెట్టె ఉంది, ఖాళీగా ఉంది. కాగితాలు తూకానికి పోయాయట. ఆ వీధి చివర మిర్చీ బజ్జీల బండి దగ్గర పొట్లాలు తిరగేస్తుంటే బండాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. డిశ్చార్జి పుస్తకం అందులో ఉండి ఉంటుంది, తండ్రి పేరు, ఊరు, తాలూకా అన్నీ అందులో ఉండి ఉంటాయి. ఆ ఐదు పతకాలూ ఇప్పటికీ నా అల్మారాలో ఉన్నాయి. పేరు తెలుసు, నంబరు తెలుసు, అతను ఎవరో తెలియదు. డబ్బు తక్కువైతే పతకాలు వదిలేసి కాగితాలు కొనండి. పతకం మళ్లీ ఎక్కడో ఒకచోట తేలుతుంది, కాగితం పొట్లమైపోతుంది.

రెండో తప్పు మా ఇంట్లోనే జరిగింది. కష్టపడి సంపాదించిన ఒక కంచు పతకాన్ని మా అమ్మ దీపావళికి కుందులతోపాటు చింతపండు పెట్టి తోమేసింది. ధగధగా మెరిసింది. అంచు మీద చివరి నాలుగు అక్షరాలు సగానికి పోయాయి. దయచేసి దేన్నీ తోమకండి. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. రిబ్బన్ చిరిగినా అదే ఉంచండి. వర్షాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ప్లాస్టిక్ కవర్లలో పీవీసీవి వాడొద్దు, నాలుగేళ్లలో పచ్చగా జిడ్డు పడుతుంది.

నకిలీల సంగతి. మన బజార్లలో ఎక్కువగా దొరికే దొంగ సరుకు బ్యాడ్జీలు, బొత్తాలు, ఆజాద్ హింద్ ఫౌజ్ పేరుతో వచ్చేవి. అసలు బ్యాడ్జీ అచ్చుతో కొట్టినది, ముందు ఉబ్బెత్తుగా ఉన్నచోట వెనక గుంట ఉంటుంది. ఇసుక మూసలో పోసిన నకిలీకి వెనక చదునుగా, ఒళ్లంతా సన్నటి చిల్లులుగా ఉంటుంది. అసలు దాని కంటే ఒక వెంట్రుకవాసి చిన్నగా కూడా ఉంటుంది, చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది కాబట్టి. నిజాం లాన్సర్ల బ్యాడ్జీ అని ఒకాయన నాకు అంటగట్టినది ఇలాంటిదే. ఎనిమిది వేలు పోశాను. ఇప్పుడు పేపర్ వెయిట్‌గా వాడుతున్నాను.

కత్తులు, తుపాకులతో జాగ్రత్త. ఆర్మ్స్ యాక్ట్ 1959, సెక్షన్ 45లో పాత నమూనా తుపాకీకి మినహాయింపు ఉన్నమాట నిజం, కానీ మరమ్మతు చేసినా పేలడానికి వీల్లేనిదైతేనే. పేలుతుందో లేదో తేల్చేది మీరూ నేనూ కాదు, ముందు పోలీసు కమిషనర్ ఆఫీసులో అడిగి కాగితం తీసుకోండి. కత్తి కొనాలన్నా మన దగ్గర నోటిఫికేషన్ ఏముందో అక్కడే కనుక్కోండి. తూటాలు, గుండ్లు ఎంత తుప్పు పట్టినవైనా ముట్టుకోవద్దు. అధికారుల కత్తుల్లో విల్కిన్సన్ కంపెనీవైతే బ్లేడు వెనక అంచున సీరియల్ నంబరుంటుంది, ఆ కంపెనీ పాత లెడ్జర్లను బట్టి మొదట కొన్నదెవరో చాలాసార్లు తెలుస్తుంది. అది ఇంగ్లీషు అధికారుల కథ, నాకంత ఆసక్తి లేదు.

ఇంకొకటి, మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టగానే లండన్ నుంచో, కెనడా నుంచో నాలుగింతల ధర ఇస్తాం, పోస్టులో పంపండి అని మెసేజ్ వస్తుంది. పంపకండి. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. మీ సోవార్ పతకం వందేళ్లు దాటేసింది.

కుటుంబం దొరికితే ఏం చేయాలని మీరు అడగలేదు, కానీ అడుగుతారు. ఒకసారి ఒక పల్లెలో ఒక ఇంటికి వెళ్తే, అరచేతి కంటే పెద్దదైన కంచు బిళ్ల ఒకటి చెంబు మీద మూతగా పెట్టి ఉంది. సింహం, పక్కన నిలబడ్డ స్త్రీ, ఒక పేరు, హోదా లేదు, దళం లేదు. మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన ఫలకం అది. అది మా తాత తమ్ముడిదట అని ఆ ఇంటావిడ చెప్పి, చెంబులోంచి నీళ్లు ముంచి ఇచ్చి, మళ్లీ మూత పెట్టింది. నాతో వచ్చిన మిత్రుడు ధర అడగబోతే మోచేత్తో పొడిచాను. ఆ ఫలకం ఉండాల్సిన చోటే ఉంది. ఫొటో మాత్రం అడిగి తీసుకున్నాను, తర్వాత అతని పేరున్న స్మారకం వివరాలు తీసి ఆ ఇంటికి పోస్టు చేశాను.

మీరు ఇప్పుడు చేయాల్సినవి: గురువారం బండి దగ్గర మిగతా రెండు పతకాల కోసం అడగడం, అతను ఎక్కడినుంచి కొన్నాడో (ఇల్లు ఖాళీ చేసినవాళ్లా, కబాడీవాలానా, ఏ మొహల్లా) మెల్లగా రాబట్టడం, అంచును ఏటవాలు వెలుగులో నాలుగు ముక్కలుగా ఫొటో తీయడం. ఆ ఫొటోలు, పూర్తి పేరు పెట్టండి. మీరు రాసినదాంట్లో నంబరు చివరి అంకె నాకు అనుమానంగా ఉంది, అది 3 కావచ్చు, 8 కావచ్చు.